ఎడమచేతి రైఫిల్‌కి స్టాక్ చెక్కుతున్నారా? స్క్రూ బిగించాకే సేఫ్టీ చూడండి

"సేఫ్టీ తీశానంతే అన్నా. ట్రిగ్గర్ మీద వేలే పెట్టలేదు."

రెండు వారాల కిందట హ్యూస్టన్ శివార్లలోని ఒక షూటింగ్ రేంజ్‌లో పక్క బెంచీ కుర్రాడు నాతో అన్న మాట ఇది. సేఫ్టీ అంటే ట్రిగ్గర్ లాగినా తుపాకీ పేలకుండా ఆపే మీట. అది తీయగానే వాడి రైఫిల్ పేలింది. గొట్టం ముందుకే ఉంది కాబట్టి తూటా ఎదురుగా మట్టిలో దిగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ వాడి చేతులు పావుగంట వణుకుతూనే ఉన్నాయి.

వాడిది నాలాగే పుర్రచేతి వాటం. ఎడమచేతి యాక్షన్ (బోల్ట్, ట్రిగ్గర్ ఉండే ఇనుప భాగం) ఒకటి కొన్నాడు. దానికి సరిపోయే స్టాక్ (యాక్షన్ కూర్చునే, భుజానికి ఆనే కలప భాగం) ఖరీదెక్కువని, కుడిచేతి వాళ్ల వాల్‌నట్ స్టాక్ చవగ్గా దొరికితే తెచ్చి, మూడు వారాంతాలు గ్యారేజీలో కూర్చుని చెక్కాడు. పనితనం చూస్తే ముచ్చటేసింది. ఇద్దరం కలిసి యాక్షన్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే గార్డ్ స్క్రూలు ఊడదీసి చూశాం. ట్రిగ్గర్ దూరే గాడికి ఎడమ పక్క, వేలిగోరంత మేర కలప గాజులా మెరుస్తోంది. ట్రిగ్గర్ అక్కడ రాసుకుంటోంది.

నవంబరు మొదటి శనివారం టెక్సస్‌లో జింకల సీజన్ మొదలవుతుంది. దానికి ముందు నెలంతా చాలా గ్యారేజీల్లో ఇదే పని నడుస్తుంటుంది, అందుకే రాస్తున్నాను. తుపాకీ ఖాళీ చేసుకోండి, కళ్లద్దాలు పెట్టుకోండి లాంటివి చెప్పను. అవి కూడా ఒకరు చెప్పాలంటే ఉలి పక్కన పెట్టేయడం మేలు.

ముందు ఎక్కడెక్కడ చెక్కాలో చూద్దాం. కుడిచేతి స్టాక్‌లో బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి దిగే గాడి కుడివైపున ఉంటుంది, పేలిన తూటాల ఖాళీ తొడుగులు బయటికి పడే వైపు అంచు కూడా కుడిపక్కనే కిందికి దించి ఉంటుంది. ఎడమచేతి యాక్షన్‌కి ఇవి రెండూ ఎడమవైపు కావాలి. రెమింగ్టన్ 700 లాంటి రైఫిళ్లలో సేఫ్టీ లీవర్ కూడా పక్క మారుతుంది కాబట్టి టాంగ్ (యాక్షన్ వెనక తోక) పక్కన ఎడమవైపు కలప తీయాలి. చెంప ఆనే ఉబ్బు కుడిచేతి వాళ్లకి ఎడమపక్క ఉంటుంది, మనకది తప్పు వైపు. అరచేతి ఉబ్బు ఉంటే అదీ అంతే. స్టాక్ కాస్త కుడికి వంగి ఉందేమో కూడా చూసుకోండి, ఆ వంపు చెక్కితే పోదు.

చాలామంది జాగ్రత్త అంతా బోల్ట్ పిడి గాడి మీదే పెడతారు, బయటికి కనబడేది అదే కాబట్టి. మనిషిని ముంచేది లోపల ఉంటుంది: ట్రిగ్గర్ పక్కల్లో, సేఫ్టీ లీవర్ కింద.

నేను చూసినంతలో జనం చేసే తప్పు ఒక్కటే. స్క్రూలు వేలితో తిప్పి వదిలేసి, బెంచీ మీద సేఫ్టీ నొక్కి చూసి, "బాగానే పనిచేస్తోంది" అనుకోవడం. అలా వదులుగా ఉన్నప్పుడు అన్నీ బాగానే పనిచేస్తాయి. స్క్రూలు పూర్తిగా బిగిస్తే యాక్షన్ కొత్తగా చెక్కిన కలపలోకి వెంట్రుకవాసి దిగుతుంది. దాంతోపాటు ట్రిగ్గర్, సేఫ్టీ లీవర్ కూడా దిగుతాయి. కింద నుంచి ట్రిగ్గర్ గార్డ్ పైకి లాగబడుతుంది. పొద్దున కాగితం దూరిన సందు సాయంత్రానికి ఉండదు. హ్యూస్టన్ లాంటి ఉక్క ఊళ్లో అయితే తేమకి కలప ఉబ్బి, మిగిలిన ఆ కాస్తా మూసుకుపోతుంది.

మూసుకుపోతే ఏమవుతుందో వాడి తుపాకీలో చూశాం. సేఫ్టీ వేసి ఉండగా ట్రిగ్గర్‌కి ఏదో తగిలి వెనక్కి జరిగింది. మామూలుగా అయితే స్ప్రింగు దాన్ని ముందుకు తోసేస్తుంది. ఇక్కడ కలప పట్టుకోవడంతో వెనకే ఉండిపోయింది. అంటే లోపల సియర్ (పేల్చే పిన్నుని పట్టి ఉంచే కొక్కెం) కింద ఉండాల్సిన ఆసరా లేదు, సియర్‌ని ఆపుతున్నది సేఫ్టీ ఒక్కటే. వాడు ఆ సేఫ్టీ తీశాడు, తూటా పేలింది. సేఫ్టీ లీవర్ కలపకి తగిలి పూర్తిగా వెనక్కి వెళ్లకపోయినా ప్రమాదం ఇలాంటిదే. చూడటానికి సేఫ్టీ వేసినట్టే ఉంటుంది, లోపల సగమే పడి ఉంటుంది.

కాబట్టి మళ్లీ చెబుతున్నా: స్క్రూలు బిగించాక చూడండి. చేత్తో కాదు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించాక. కలప స్టాక్‌కి 35 నుంచి 45 ఇంచ్-పౌండ్లు మామూలు లెక్క. స్క్రూల చుట్టూ అల్యూమినియం పిల్లర్లు (గొట్టాలు) ఉంటే 65 దాకా వెళ్లొచ్చు. మీ తుపాకీ తయారీదారు ఒక అంకె చెప్పి ఉంటే దాన్నే పట్టుకోండి.

ఎక్కడ తగులుతోందో కనిపెట్టడానికి ఇన్‌లెట్టింగ్ బ్లాక్ అని ఒక నల్లరంగు అమ్ముతారు. నేను వాడేది మా ఆవిడ పక్కన పడేసిన లిప్‌స్టిక్. కాటుక పెట్టినంత పలచగా ట్రిగ్గర్ హౌసింగ్‌కి (ట్రిగ్గర్ ఉండే పెట్టెకి) రెండు పక్కలా, సేఫ్టీ లీవర్ అడుగున పూసి, యాక్షన్ దించి, పూర్తిగా బిగించి, విప్పి చూస్తాను. ఎరుపు అంటిన చోటల్లా కలప తగులుతున్నట్టే. అక్కడ గీకి, మళ్లీ పూసి, మళ్లీ బిగిస్తాను. పోయినసారి ఇరవై రెండు సార్లు పట్టింది. విసుగే, ఏం చేస్తాం.

పాత తుపాకీ కొన్నవాళ్లకి ఇంకో మాట. సేఫ్టీ తీస్తే పేలిన తుపాకుల కథ అమెరికాలో పెద్దది, అందులో తప్పు కలపదే కాదు. 2000 అక్టోబరులో మోంటానాలో ఒక తల్లి వేట ముగించుకుని రెమింగ్టన్ 700 ఖాళీ చేద్దామని సేఫ్టీ తీస్తే అది పేలి తొమ్మిదేళ్ల కొడుకు చనిపోయాడు. 1982కి ముందు మోడళ్లలో సేఫ్టీ వేసి ఉంటే బోల్ట్ తెరుచుకునేది కాదు, ఖాళీ చేయాలంటే సేఫ్టీ తీయాల్సిందే. ఆ తర్వాత 2014 ఏప్రిల్‌లో రెమింగ్టన్ తన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్లు వెనక్కి పిలిచింది. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన 700, మోడల్ సెవెన్ తుపాకులవి. బిగింపులో వాడిన జిగురు పదార్థం ఎక్కువవడం అందుకు కారణం. మీ సీరియల్ నంబరు ఆ జాబితాలో ఉందో లేదో ఉలి పట్టుకోకముందే చూసుకోండి. ట్రిగ్గరే చెడ్డదైతే ఎంత బాగా చెక్కినా లాభం లేదు.

వీసా మీద ఉన్న మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. హెచ్-1బి, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మనలో ఎక్కువమందికి వర్తించే మినహాయింపు చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. టెక్సస్ లైసెన్సుల్లో చాలావాటి గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. పాతది జేబులో పెట్టుకుని, స్నేహితుడి రైఫిల్ మీ గ్యారేజీలో చెక్కిపెడతానని ఒప్పుకోకండి. ఇండియాలో అయితే అసలు ఇంట్లో ముట్టుకోవద్దు. 1959 ఆయుధాల చట్టం కింద మరమ్మతుకి కూడా లైసెన్సు ఉన్నవాడే కావాలి.

ఇక పని మొదలుపెట్టేవాళ్లకి:

ట్రిగ్గర్ చుట్టూ, సేఫ్టీ లీవర్ కింద ఒకటిన్నర మిల్లీమీటరు ఖాళీ వదలండి. అక్కడ అందంగా అతికినట్టు కనబడాలని చూడకండి. గాడి వెడల్పుగా ఉందని జింకలు నవ్వవు.

బోల్ట్ పిడి పూర్తిగా కిందికి దిగాక కూడా దాని కింద ఖాళీ ఉండాలి. కలపకి ఆనుకుని ఆగిపోతే బోల్ట్ పూర్తిగా మూసుకోలేదన్నమాట. అలా కాల్చకండి.

టాంగ్ వెనక అర మిల్లీమీటరు సందు తప్పనిసరి. వెనక్కి తన్నే దెబ్బ రీకాయిల్ లగ్ అనే మందపాటి ఇనుప పలక మీద పడాలి. టాంగ్ మీద పడితే స్టాక్ మనం చేత్తో పట్టుకునే సన్నటి చోట నిలువునా చీలుతుంది.

మ్యాగజీన్ పెట్టె బిగించాక కూడా కాస్త కదలాలి. అదే బిగుసుకుపోతే స్క్రూ టార్క్ అంకె అబద్ధం చెబుతుంది.

కొత్తగా చెక్కిన ప్రతిచోటా నూనెగానీ వార్నిష్‌గానీ పట్టించండి, లోపల కూడా. పచ్చి కలప తేమ తాగుతుంది. ఆరాక మళ్లీ బిగించి చూడండి, ఆ పొర కూడా మందమే.

యాక్షన్ కుదురుగా కూర్చోవాలని ఎపాక్సీ జిగురు పోసి బెడ్డింగ్ చేస్తే, ఇనుముకి అంటుకోకుండా రిలీజ్ ఏజెంట్ రెండు పూతలు పూయండి. స్క్రూ రంధ్రాలు, ట్రిగ్గర్ ఖాళీ మైనంతో మూయండి. ట్రిగ్గర్ ఊడదీశాకే పోయండి.

యాక్షన్‌లో పేలుడు గ్యాస్ బయటికి పోయే రంధ్రం మూయకండి.

ట్రిగ్గర్ తగులుతోందని ట్రిగ్గర్‌ని ఆకురాయితో అరగదీయకండి. కలప తీయండి. ఇనుము ముట్టుకోకండి.

ట్రిగ్గర్ స్క్రూలు తిప్పి లాగుడు తేలిక చేయకండి. ఈ పనిలో అసలే వద్దు.

వాల్‌నట్ ధూళికి గుడ్డ కట్టుకుంటే చాలదు, మాస్క్ పెట్టుకోండి.

పరీక్ష ఇలా. పూర్తిగా బిగించండి. మందు లేని డమ్మీ తూటాలే వాడండి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా లాగి వదలండి. సేఫ్టీ తీయండి. క్లిక్‌మందా? స్టాక్ విప్పండి. ఇరవైసార్లు చేయండి. బోల్ట్ విసురుగా మూసి చూడండి. రబ్బరు చాప మీద స్టాక్ వెనక కొసని దించి కొట్టి చూడండి. ఒక్కసారి క్లిక్‌మన్నా విప్పాల్సిందే.

వారం తర్వాత, వాన పడ్డ రోజున, మళ్లీ బిగించి చూడండి.

రేంజ్‌లో మొదటి పదిసార్లు ఒక్కొక్క తూటాయే పెట్టండి. మ్యాగజీన్ నింపకండి.

సేఫ్టీ వేశామన్న ధైర్యంతో గొట్టం ఎటైనా తిప్పకండి. మన కుర్రాడు బతికి బయటపడింది ఈ ఒక్క అలవాటు వల్లే.

కుడివైపు పాత గాడిని కలప ముక్కతో పూడ్చి నగిషీలు పెట్టడం జనవరిలో చేసుకోండి.