తోలు హోల్‌స్టర్‌కు టెన్షన్ స్క్రూ బిగించే ముందు జాగ్రత్తలు

తడిపి అచ్చుకు పట్టించిన తోలు పూర్తిగా ఆరి, ఇక టెన్షన్ స్క్రూకు, అంటే తుపాకీ జారకుండా హోల్‌స్టర్ (ఒర) బిగువును సరిచేసే మరకు, రంధ్రం చేయడమే మిగిలినప్పుడు వీటిని ఒకసారి సరిచూసుకోవాలి.

స్క్రూ గానీ, రెండు తోలు పొరల మధ్య ఉండే రబ్బరు స్పేసర్ గానీ ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు) లోపలికి ఏ కొంచెమూ చొరబడకూడదు. అక్కడ ట్రిగ్గర్‌కు ఏది తగిలినా తుపాకీని ఒరలో దించే క్షణంలోనే పేలవచ్చు.

కొలతలకు డమ్మీ అచ్చునే వాడాలి. అసలు తుపాకీ తప్పదనుకుంటే ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే అర), మ్యాగజైన్ రెండూ ఖాళీగా ఉన్నాయని రెండుసార్లు చూసి, తూటాలను వేరే గదిలో ఉంచాలి.

స్క్రూ పొడవును అంచనాతో కొనకూడదు. 3 మిల్లీమీటర్ల తోలు రెండు పొరలు, మధ్య 6 మిల్లీమీటర్ల స్పేసర్ ఉంటే మొత్తం 12 అవుతుంది గానీ, బిగించినప్పుడు రబ్బరు నొక్కుకుపోతుంది కనుక స్క్రూ ఎక్కే నట్టు గొట్టం అంతకంటే పొట్టిగా ఉండాలి; లేకపోతే స్క్రూ చివరి వరకు వెళ్లి ఆగిపోతుంది తప్ప తోలు మీద బిగువు రాదు. నేను చూసిన వదులు ఒరల్లో ఎక్కువ వాటికి కారణం ఇదే.

రంధ్రం కుట్టుకు మరీ దగ్గరగా ఉండకూడదు, దారం తెగుతుంది.

మరలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎరుపుది వాడితే విప్పడానికి వేడి చేయాల్సి వస్తుంది, ఆ వేడికి తోలు ముడుచుకుపోతుంది.

అది గట్టిపడక ముందే, మెత్తని పరుపు మీదుగా ఖాళీ తుపాకీ ఉన్న ఒరను తలకిందులు చేసి, జారకపోతే అక్కడితో బిగింపు ఆపాలి.