మొదటిసారి క్రిప్టో కొనబోతున్నారా?

బ్లాక్‌చెయిన్ (క్రిప్టో లావాదేవీలన్నీ నమోదయ్యే ఉమ్మడి డిజిటల్ పద్దు) ఎలా పనిచేస్తుందో తెలియకుండా క్రిప్టోలో డబ్బు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. మైనింగ్ లెక్కలు, హ్యాషింగ్ గణితం తెలియకపోయినా ఫరవాలేదు. తాళంచెవి, అంటే మీ క్రిప్టోను కదిలించే రహస్య సంకేతం, ఎవరి దగ్గర ఉందో, పంపిన సొమ్ము ఏ దారిన పోతుందో తెలియకపోతే మాత్రం ఒక్క రూపాయి కూడా పెట్టకండి.

ఎక్స్ఛేంజీలో (క్రిప్టో కొని, అమ్మే వేదికలో) కొని అక్కడే వదిలేస్తే నాణేలు మీ ఖాతాలో కనిపిస్తాయి కానీ తాళంచెవి వాళ్లదే. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద విదేశీ ఎక్స్ఛేంజీ దివాలా తీసింది. 2024 జులైలో మన దేశంలోని వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో దొంగల పాలైంది. ఖాతాదారులు నెలల తరబడి తమ సొమ్ము తీసుకోలేకపోయారు.

సొంత వాలెట్ (తాళంచెవిని మీ దగ్గరే ఉంచే యాప్ లేదా పరికరం) పెట్టుకుంటే 12 లేదా 24 ఇంగ్లిషు పదాలు ఇస్తారు. ఆ పదాలే మీ తాళంచెవి, మీ ఆస్తి. వాటిని ఫొటో తీయకండి, వాట్సాప్‌లో దాచకండి. కాగితం మీద వరుస తప్పకుండా రాసి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. కస్టమర్ కేర్ పేరుతో ఎవరు ఆ పదాలు అడిగినా వాళ్లు దొంగలే. ఇందులో మినహాయింపు లేదు.

పంపేటప్పుడు మరీ జాగ్రత్త. యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో) లాంటి నాణెం ఎథీరియం అనే నెట్‌వర్క్ మీదా ఉంటుంది, ట్రాన్ అనే మరో నెట్‌వర్క్ మీదా ఉంటుంది. పంపే నెట్‌వర్క్, అందుకునే నెట్‌వర్క్ ఒకటి కాకపోతే సొమ్ము చిక్కుకుపోవచ్చు. ముందు చిన్న మొత్తం పంపి, చేరిందని రూఢి చేసుకున్నాకే మిగతాది పంపండి. పాత లావాదేవీల జాబితా నుంచి వాలెట్ చిరునామా కాపీ చేయకండి. మొదటి, చివరి అక్షరాలు అచ్చం అలాగే ఉండే నకిలీ చిరునామాలను మోసగాళ్లు ఆ జాబితాలోకే చొప్పిస్తున్నారు. నడిమి అక్షరాలు కూడా సరిచూడండి. ఒకసారి నమోదైన లావాదేవీని ఏ మేనేజరూ వెనక్కి తిప్పలేడు.

పన్ను సంగతి: లాభంపై 30 శాతం, అమ్మకంపై 1 శాతం టీడీఎస్. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

మోసపోయామని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.

ఇంకొకటి, చాలామంది ఆలోచించనిది. బ్యాంకు డిపాజిట్‌కు నామినీ ఉంటారు, సొంత వాలెట్‌కు ఉండరు. మీకేమైనా అయితే ఆ పదాలు రాసిన కాగితం ఎక్కడుందో, దాంతో ఏం చేయాలో ఇంట్లో నమ్మకమైన ఒకరికి ఈరోజే చెప్పి ఉంచండి.