జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్) ఆప్షన్లు పెట్టేముందు, మన బెజవాడ పేరెంట్స్‌కి

– ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మీద తేదీ చూడండి. ఈ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిందే చెల్లుతుంది. నిరుటిది పట్టుకెళ్తే మీరు లెక్కేసుకున్న కేటగిరీ సీటే ఉండదు. ఈరోజే వార్డు సచివాలయానికి వెళ్లండి.

– పిల్లాడు ఇంటర్ ఎక్కడ పాసయ్యాడు? ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లవి. ఆ రాష్ట్రం ఇంటర్‌ని బట్టి తేలుతుంది, ఆధార్‌ని బట్టి కాదు. ఇల్లు పటమటలోనే ఉన్నా, చదివింది హైదరాబాద్‌లో అయితే తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్ (సొంత రాష్ట్రం) కోటా రాదు.

– కటాఫ్ పట్టికలో కేటగిరీ సీటు పక్కనుండేది కేటగిరీ ర్యాంకు. అందరికీ కలిపి ఇచ్చే కామన్ ర్యాంకుతో పోల్చి టెన్షన్ పడకండి.

– అమ్మాయైతే ఆ పట్టికలో ఫిమేల్ ఓన్లీ (అమ్మాయిలకే ఉండే సీట్లు) వరస కూడా చూడండి.

– నిరుడు చివరి రౌండ్ ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూడండి. బెంజ్ సర్కిల్‌లో కాలేజీల ఫ్లెక్సీల మీద ర్యాంకులతో మనకి పనిలేదు.