ఇంటి బయట బూజు దులిపే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సజ్జల కింద, మీటరు పెట్టె వెనక కందిరీగల గూడు ఉందేమో పగటి వెలుతురులో ముందుగా పరికించి చూడండి. ఉంటే ఆ మూల జోలికి వెళ్లవద్దు.

అల్యూమినియం గొట్టం ఎంత తేలికగా ఉన్నా, ఇంటికి వచ్చే కరెంటు తీగ ఉన్న వైపు దానిని ఎత్తడం ప్రాణాపాయం కనుక, ఎండిన వెదురు కర్రకు చీపురు కట్టుకుని, తీగకు బాగా ఎడంగానే దులపాలి. బయటి దీపాల స్విచ్చులు ముందే ఆపేయాలి.

తలెత్తి దులిపేటప్పుడు సున్నపు పొడి, సాలెగూటిలో చిక్కి ఎండిన ఈగల రెక్కలు సూటిగా కళ్లలోకి రాలుతాయి కాబట్టి కళ్లద్దాలు పెట్టుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకోండి.

దూది ఉండల్లాంటి సాలీళ్ల గుడ్ల సంచులను తప్పకుండా తీసేయాలి; నా దృష్టిలో అసలు పని అదే. రాత్రంతా వెలిగే తెల్లని దీపం చుట్టూ పురుగులు, వాటి కోసం సాలీళ్లు చేరతాయి కనుక అక్కడ పసుపు బల్బు పెట్టండి.