హార్ట్స్‌లో కంప్యూటర్ దొంగాట ఆడుతోందా? ఇలా తేల్చుకోండి

“ఇస్పేటు రాణి ఎప్పుడూ నాకే తగలడుతుంది. ఆ ముగ్గురూ కూడబలుక్కున్నారు.” విండోస్‌లో హార్ట్స్ అనే పేకాట ఆడిన ప్రతివాడూ ఏదో ఒక రోజు అనే మాటే ఇది. అందులో పాయింట్లు పడటమే శిక్ష, ఇస్పేటు రాణికి ఒక్కసారే 13; మీతో ఆడే మిగతా ముగ్గురూ కంప్యూటరే. ఎక్స్‌పీలో వాళ్ళకి పౌలీన్, మిషెల్, బెన్ అని పేర్లు కూడా ఉండేవి కాబట్టి తిట్టుకోవడానికి మరీ సుఖం. కానీ తిట్టేవాళ్ళలో లెక్క రాసినవాడు నాకింతవరకూ తగల్లేదు.

కావలసినవి ఓ తెల్లకాగితం, పెన్ను. ఫోన్‌లో రాసుకోవద్దు. ఎక్సెల్ అసలు వద్దు, రంగులేసుకుంటూ కూర్చుంటారు.

మొదట కాగితం మీద రెండు గడులు గీయండి: “వచ్చింది”, “రాలేదు”. వంద పంపకాలు ఆడతానని పైన రాసేయండి. ఆట తెరవండి.

ఇక అందరూ చెడగొట్టేది ఇక్కడే. ముక్కలు పంచగానే, మూడు ముక్కలు పక్కవాళ్ళకి పంపకముందే, మీ 13 ముక్కల్లో ఇస్పేటు రాణి ఉందో లేదో చూసి గీత పెట్టండి. ముందే, తర్వాత కాదు. చేతిలో ఇస్పేట్లు తక్కువున్నవాడు రాణిని వదిలించుకోవాలనే చూస్తాడు. అది మీకొచ్చి పడితే దొంగాట కాదు, వాడు బాగా ఆడాడంతే. అలాగే ఇస్పేటు ఆసో రాజో చేతిలో పెట్టుకుని, పట్టు (నలుగురూ తలా ఒకటి వేసిన ముక్కలు) మీరే గెలిచి, అందులో పడ్డ రాణి తాలూకు 13 పాయింట్లకు కంప్యూటర్‌ని అంటే ఎలా?

ఇంకో సంగతి. ముక్కలు బాగాలేవని ఆట మూసేసి మళ్ళీ తెరుస్తారు చూడండి, ఆ పంపకానికీ గీత పడాల్సిందే. నచ్చినవి మాత్రమే రాస్తే అది లెక్క కాదు, చాడీ. నలభై దగ్గర “తేలిపోయింది” అని ఆపేయడం కూడా కుదరదు. మా ఆఫీసులో ఒకాయన వరసగా మూడుసార్లు రాణి రాగానే కాగితం చింపేసి “చూశారా!” అన్నారు. వంద పంపకాల్లో ఎక్కడో ఒకచోట అలా వరసగా మూడుసార్లు రావడానికి మూడింట రెండు వంతుల అవకాశం ఉందండీ!

వంద అయ్యాక గీతలు లెక్కపెట్టండి. నలుగురికి 13 చొప్పున 52 ముక్కలు, అంటే మీ వాటా నాలుగో వంతు, 25. అచ్చంగా 25 రాదు. 17 నుంచి 33 దాకా ఎంతొచ్చినా నోరు మూసుకోండి. 40 వస్తే అప్పుడు మాట్లాడదాం.

కూడబలుక్కుంటున్నారన్న అనుమానం ఇంకా పోకపోతే మూడో గడి గీయండి: రాణి చివరికి ఎవరి పట్టులో పడింది? బెన్ తన చేతిలోని రాణిని తీసుకెళ్ళి పౌలీన్ పట్టులో పడేస్తుంటే అదేం కుట్ర? మొత్తం స్కోరు చూసి మాత్రం తీర్పు చెప్పకండి, అందులో మీ ఆట కూడా కలిసి ఉంటుంది.

విండోస్‌లోనే ఒక్కరే ఆడుకునే పేకాట ఫ్రీసెల్ మీద అనుమానమైతే కాగితం కూడా దండగే. అందులో ప్రతి ఆటకీ ఓ నంబరుంటుంది, అదే నంబరు మళ్ళీ కొడితే అవే ముక్కలు అదే వరసలో వస్తాయి. పాత విండోస్‌లోని 32,000 ఆటల్లో ఎవరూ గెలవలేనిది 11982 ఒక్కటే. మీరు ఓడిన నంబరు అది కాకపోతే మళ్ళీ తెరిచి ఆడండి.