చెరువు పక్కన ప్లాటా? వానలు రాకముందే ఇవి చూసుకోండి

తిరుపతి చుట్టుపక్కల చెరువుల దగ్గరి ప్లాట్లు ఎండాకాలంలో చూస్తే ఎవరికైనా నచ్చుతాయి. చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు, వంకలో కంప తప్ప చుక్క నీరుండదు. "ఇరవై ఏళ్లుగా ఈ చెరువు నిండిందే లేదు సార్" అంటాడు ఏజెంటు. నిజమే కావచ్చు. కానీ మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఒక్క వాయుగుండం ఇటు తిరిగితే చాలు. 2021 నవంబరులో తిరుపతి కాలనీలు మునిగాయి, తిరుచానూరు దగ్గర స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయి ఇల్లు ఏట్లో కూలింది, రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు.

అందుకే అడ్వాన్సు ఇవ్వకముందే రూలు తెలుసుకోండి. చెరువు పూర్తిగా నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దే ఎఫ్‌టీఎల్. దాని లోపల పట్టా భూమి ఉన్నా ఇల్లు కట్టకూడదు. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువైతే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. నదికి మున్సిపల్ పరిధిలో 50, బయట 100 మీటర్లు. ఈ కొలత ఈరోజు నీళ్లున్న చోటు నుంచి కాదు, జలవనరుల శాఖ, రెవెన్యూ వాళ్లు తేల్చిన హద్దు నుంచి. సవరణలు వస్తుంటాయి కాబట్టి మీ సర్వే నంబరు ఇచ్చి తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ)లోనో మున్సిపల్ టౌన్ ప్లానింగ్‌లోనో రాతపూర్వకంగా అడగండి. "తర్వాత బీపీఎస్ కట్టేద్దాం" అనే మాట నమ్మకండి. అనుమతి లేని కట్టడాన్ని రుసుము కట్టి క్రమబద్ధం చేసుకునే పథకం అది, కానీ చెరువు గర్భంలో కట్టిన వాటికి వర్తించదు.

ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే పత్రం) క్లియర్‌గా ఉందంటే రిజిస్ట్రేషన్లలో చిక్కు లేదని మాత్రమే. ఆ నేల ఒకప్పుడు చెరువో కాదో అది చెప్పదు. గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), పాత డైగ్లాట్ (పాతకాలపు భూముల రిజిస్టరు) చూడండి. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని ఎక్కడ కనిపించినా ఆగిపోండి. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితా కూడా చూడండి. చెరువులు, కుంటలు ఊరందరి ఆస్తి అని, వాటిని ఇళ్ల స్థలాలుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే తీర్పిచ్చింది.

కాగితాలు చూశాక నేల చూడండి. నాకైతే ఇదే ముఖ్యం. తుమ్మచెట్ల మొదళ్లకు, పాత గోడలకు, కరెంటు స్తంభాలకు ఒకే ఎత్తులో ఎండిన బురద చార ఉందేమో గమనించండి. ఆ ఎత్తుకు నీళ్లొచ్చాయన్నమాట. ఒక మూల గడ్డపారతో తవ్వించండి. పైన ఎర్ర గ్రావెల్, దాని కింద బీటలు తీసిన నల్లటి ఒండ్రు కనబడితే ఆ ప్లాటు పూడ్చిందే. మేకలు మేపుకునే పెద్దాయన ఎవరైనా కనిపిస్తే, "మొరవ పోయినప్పుడు నీళ్లు ఎందాకా వస్తాయి పెద్దాయనా?" అని అడగండి. మొరవ అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు. ఏజెంటు చెప్పనిది ఆయన చెయ్యి చాపి చూపిస్తాడు. వీలైతే కొనేముందు ఒక్క కార్తీకం ఆగి, వానలో వచ్చి చూడండి.

ఇప్పటికే ఇల్లున్నవాళ్లు వంకను పైపులోకి కుదించడం, ఇల్లు కట్టగా మిగిలిన చెత్తను మొరవ దారిలో పోయడం మానుకోవాలి. మన చెరువులు గొలుసుకట్టు, పై చెరువు మొరవ నీళ్లే కింది చెరువుకు ఆధారం. మీ గేటు ముందు అడ్డుపడిన నీళ్లు పక్క వీధి ఇళ్లలోకి పోతాయి. సెప్టిక్ ట్యాంకు పైపును చెరువులోకో కాలువలోకో వదలకండి. ఆ నీళ్లే నేలలోకి దిగి చుట్టుపక్కల బోర్లలోకి వస్తాయి.

వానలు మొదలయ్యాక కట్ట అడుగున ఊట వస్తుంటే దాని రంగు చూడండి. తేట నీళ్లయినా చెప్పాల్సిందే. బురదనీళ్లయితే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఊట మూయాలని మీరు దిగకండి. వెంటనే వీఆర్వోకు, జిల్లా కంట్రోల్ రూమ్ 1077కు ఫోన్ చేసి, కట్ట కింది ఇళ్లవాళ్లను, పశువులను మెరక మీదికి తరలించండి.