పాత ప్రీయాంప్‌లో ఒక వైపు పాట ఆగిపోతుంటే: ఇన్‌పుట్ జాకుల సమస్యలు, పరిష్కారాలు

వైరు కాస్త కదిపితే ఎడమ స్పీకరు పలుకుతుంది, చెయ్యి తీయగానే మూగబోతుంది. పాత వాల్వు ప్రీయాంప్ (పవర్ యాంపుకు ముందు సిగ్నలును సర్దే పెట్టె) ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. డైనాకో పాస్-3ని ముందు పెట్టుకుని చెబుతాను. 1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన డైనాకో కంపెనీ దీన్ని కిట్టుగానూ, బిగించిన సెట్టుగానూ అమ్మింది. లోపల నాలుగు 12ఏఎక్స్7 వాల్వులు, రెక్టిఫయరుగా (ఏసీని డీసీగా మార్చేందుకు) ఒక 12ఎక్స్4 ఉంటాయి. వెనకవైపు ఆర్‌సీఏ జాకులను (మధ్య పిన్ను, చుట్టూ గ్రౌండు రింగు ఉండే ఆడియో సాకెట్లను) ఫైబర్ పట్టీల మీద రివెట్లతో బిగించారు. అరవయ్యేళ్లు దాటాక ఆ రివెట్లు వదులవడం సహజం.

మూత విప్పే ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపితే చాలదు. ఈ సెట్టు వెనక వేరే పరికరాలకు కరెంటిచ్చే సాకెట్లు కూడా ఉన్నాయి, వాటి మెయిన్స్ తీగలు మీ చేతికి దగ్గరలోనే ఉంటాయి. ఇక కరెంటు తీశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో రెండు మూడు వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు. 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును తొడుగున్న క్లిప్పులతో ఒక్కో కెపాసిటరుకూ గ్రౌండుకూ మధ్య కాసేపు ఉంచి, మీటరుతో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. అమెరికా నుంచి తెచ్చుకున్న 117 వోల్టుల సెట్టయితే మన 230 వోల్టులకు నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

ఒక వైపు పాట వస్తూ పోతూ ఉంటే

జాకును అనుమానించే ముందు రెండు పరీక్షలు చేయండి. ప్రతిసారీ వాల్యూం పూర్తిగా తగ్గించాకే ప్లగ్గులు మార్చాలి. మొదట ప్రీయాంప్ దగ్గర ఎడమ, కుడి ప్లగ్గులను తారుమారు చేయండి. లోపం అవతలి స్పీకరుకు మారితే తప్పు వైరుది, లేదా పాట వచ్చే పరికరానిది. ఎడమ స్పీకరులోనే ఉండిపోతే ప్రీయాంప్‌దో, దాని తర్వాతి వాటిదో. తర్వాత అదే పరికరాన్ని ఇంకో ఇన్‌పుట్‌కు మార్చి సెలెక్టరు (ఏ ఇన్‌పుట్ వినాలో ఎంచే స్విచ్చు) తిప్పండి. అక్కడ బాగుంటే ఆ ఒక్క జాకునో, సెలెక్టరులో ఆ స్థానాన్నో చూడాలి. అన్ని ఇన్‌పుట్లలోనూ అలాగే ఉంటే జాకులు మార్చడం వృథా. సెలెక్టరు స్విచ్చో, వాల్వు బేసో, ప్రీయాంప్ తర్వాత ఉండే పవర్ యాంపో చూడండి. జాకులన్నీ మార్చాక అసలు లోపం సెలెక్టరు స్విచ్చులో ఉందని తేలిన సెట్లు నేను చూశాను.

జాకే అని తేలితే, ప్లగ్గు పీకిన సెట్టులో మీటరును ఓముల మీద పెట్టండి. మీటరు కొస ఒకటి జాకు బయటి రింగు మీద, రెండోది ఆ రింగు టాగు (తీగ అతికే రేకు) మీద. ఒక ఓములోపు రావాలి. ఒక పాత ప్లగ్గును దూర్చి అటూ ఇటూ ఊపుతూ అంకె చూడండి. అంకె ఎగిరిపడితే రివెటు వదులైనట్టే. మధ్య పిన్నుకూ ఇలాగే చేయండి.

ఇక్కడ మార్చకుండానే బాగయ్యే అవకాశం ఉంది. రింగు, టాగు కలిసేచోట తుప్పు గీకి సోల్డరుతో కలిపేస్తే రివెటు మీద ఆధారపడే పని తప్పుతుంది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి. గరుకు కాగితం మాత్రం వద్దు, పైపూత పోయి లోహం మరింత త్వరగా నల్లబడుతుంది.

గుయ్‌మని మోత, ముఖ్యంగా రికార్డు ప్లేయర్ పెట్టినప్పుడు

ఇది చాలాసార్లు గ్రౌండు రింగు సమస్యే. మాగ్నెట్ కార్ట్రిడ్జి (రికార్డు ప్లేయర్ సూది బిగించి ఉండే భాగం) నుంచి వచ్చే సిగ్నలు కొన్ని మిల్లీవోల్టులే. పైగా ఆర్‌ఐఏఏ సర్దుబాటు (రికార్డుల కోసం ప్రీయాంప్ చేసే స్వరాల సవరణ) 50 హెర్ట్జ్ దగ్గర 1,000 హెర్ట్జ్ కంటే దాదాపు 17 డెసిబెల్స్, అంటే ఏడు రెట్లు, ఎక్కువ పెంచుతుంది. మన కరెంటు 50 హెర్ట్జే కాబట్టి ట్యూనరు జాకులో వినిపించని లోపం ఫోనో (రికార్డు ప్లేయర్) జాకులో హోరెత్తుతుంది.

పరీక్ష సులువు. ఒక ప్లగ్గులో మధ్య పిన్నునూ రింగునూ తీగతో కలిపి ఫోనో జాకులో పెట్టండి. మోత ఆగితే తప్పు రికార్డు ప్లేయర్ వైపు, ముందు దాని విడి గ్రౌండు తీగ చూడండి. ఆగకపోతే జాకు గ్రౌండు, లేదా అంతకు లోపల.

మార్చక తప్పకపోతే

పట్టీ పగిలినా, పిన్ను స్ప్రింగు విరిగినా, కొత్త లావు ప్లగ్గులు పక్కపక్కన పట్టకపోయినా కొత్త జాకులు వేయాలి. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో ప్యానెల్ జాకులు దొరుకుతాయి. ఛాసీకి (సెట్టు లోహపు చట్రానికి) తగలకుండా ప్లాస్టిక్ వాషర్లు వచ్చేవే అడగండి, కొన్నాకే వాటి కొలతకు రంధ్రం పెంచండి. తీగలు తీసే ముందు ఫొటోలు తీసి, ప్రతి తీగకూ చిన్న చీటీ కట్టండి. పాత జాకు రింగుకూ ఛాసీకీ మధ్య ఓములెన్నో రాసిపెట్టుకోండి, తర్వాత అదే కావాలి.

రివెట్లను సన్న డ్రిల్ బిట్టుతో తల వరకే కోయండి, లోహపు పొడి లోపల పడకుండా టేపు అంటించండి. సోల్డరు చేసేటప్పుడు జాకులో పాత ప్లగ్గు దూర్చి ఉంచితే మధ్య పిన్ను పక్కకు జరగదు, వేడిని కొంత అదే పీల్చుకుంటుంది. తీగ కొసకూ టాగుకూ ముందే సోల్డరు పూసుకుంటే ఐరన్ రెండు మూడు సెకన్లకు మించి ఆనించనక్కర్లేదు. రేకుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ ముట్టుకోవద్దు, అది లోపల్లోపల తినేస్తుంది.

మార్చాక కొత్తగా మోత వస్తే

ముందు లేని మోత ఇప్పుడొస్తుంటే ఏదో జాకు రింగు వాషరు తప్పి ఛాసీకి తగులుతోంది. గ్రౌండుకు రెండు దారులయ్యాయన్నమాట. రాసిపెట్టుకున్న అంకెతో ఒక్కో జాకునూ పోల్చండి. అంతా సరిగానే ఉన్నా మోత ఆగకపోతే ముందు తీసిన ఫొటోలు చూసుకోండి, పాత పట్టీలో జాకు నుంచి జాకుకు వెళ్లిన గ్రౌండు తీగ ఒకటి కొత్త జాకులకు కలపడం మర్చిపోయి ఉంటారు.

కొత్త జాకుల్లో ఎరుపు కుడి, తెలుపు ఎడమ. పాటలో కుడి, ఎడమలు తారుమారైతే ఆ జతలో మధ్య తీగలు రెండూ మార్చి అతికించండి. పాత పట్టీని ఒక కవరులో వేసి సెట్టుతో పాటే ఉంచండి, ఎప్పుడైనా మొదటి రూపానికి తేవాలనుకునేవారికి అది పనికొస్తుంది.